31వ తేదీ ఎవరి వంతు?



ఆడపిల్ల పెండ్లి జరిగి పందిరి విప్పిన మరునాడు ఏ ఇంటికి దర్శనానికి వెళ్ళినా మాకు వినబడే మాట ఒకటే: "అయ్యగారూ, దేవుని కృపవల్ల ఒక బాధ్యత తీరింది." సంతోషంతో అనే మాట అది. దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ 'తీరింది' అనే మాట దగ్గర కొంచెం ఆగి చూడండి. ఆకలి తీరుతుంది, దాహం తీరుతుంది, అప్పు తీరుతుంది. బాధ్యతను కూడా మనం ఆ వరుసలోనే కూర్చోబెట్టాము.

'బాధ్యత' సంస్కృతం నుండి వచ్చిన మాట. అందులో 'బాధ' దాగి ఉన్నది వినేవారికి తెలుస్తూనే ఉంటుంది. అందుకేనేమో 'బరువు బాధ్యతలు' అని రెండూ కలిపి అంటాము. ఇక 'విధి' సంగతి వేరు. పోలీసు విధి నిర్వహణలో ఉన్నాడంటే అది కర్తవ్యం. పంట పోయిన రైతు "అంతా విధి" అన్నప్పుడు అది తలరాత. ఒకే మాటకు ఇంత దూరపు అర్థాలు ఉండడంవల్ల ప్రసంగి గ్రంథం 12వ అధ్యాయం 13వ వచనం చదివేటప్పుడు కొందరు తికమకపడతారు. అక్కడ విధి అంటే తలరాత కాదు, మనిషి చేయవలసినది. హెబ్రీ మూలంలో నిజానికి 'విధి' అని విడిగా మాటే లేదు. దేవునికి భయపడి ఆయన ఆజ్ఞలు గైకొనుటే మనుష్యుని సర్వస్వం అన్నట్టుగా ఉంటుంది.

మన తెలుగు బైబిలులో మరొక పాత మాట ఉన్నది. ఈ కాలపు యౌవనులకు అది బొత్తిగా తెలియదు. రోమా 13:8లో 'అచ్చియుండుట' అని వస్తుంది. అంటే బాకీపడి ఉండడం. కొందరు దానిని అచ్చుతప్పు అనుకొని మమ్మల్ని అడిగారు కూడా. లూకా 11:4లోనూ, ప్రభువు నేర్పిన ప్రార్థనలో, అదే మాట కనబడుతుంది. పౌలు వ్రాసిన గ్రీకు భాషలో ఈ బాకీకి, చేయవలసిన ధర్మానికి క్రియ ఒక్కటే. మత్తయి 18లో తోటి దాసుడు నూరు దేనారములు బాకీ ఉన్నాడని చెప్పడానికి ఏ మాట వాడబడిందో, యోహాను 13:14లో మీరు ఒకరి పాదాలు ఒకరు కడగాలని ప్రభువు చెప్పినప్పుడు కూడా ఆ మాటే వాడబడింది.

రోమా 13లో వరుస గమనించండి. పన్ను కట్టవలసినవారికి పన్ను, సుంకం ఇవ్వవలసినవారికి సుంకం ఇచ్చివేయమని పౌలు ఏడవ వచనంలో చెబుతాడు. అవన్నీ తీరే బాకీలు. రసీదు తీసుకొని ఇంటికి రావచ్చు. మరుసటి వచనంలో ఒక్క బాకీని మాత్రం మిగిల్చి ఉంచాడు: ఒకరినొకరు ప్రేమించుట. దానికి చెల్లు రసీదు లేదు.

ఇక్కడే మన ఇండ్లలోని ఒక సంగతి చెప్పకుండా ఉండలేము. ముసలి తల్లిదండ్రులను కొడుకులు వంతులవారీగా చూసుకోవడం పల్లెల్లో అందరూ ఎరిగినదే. నెల పెద్దవాడి ఇంట్లో, నెల చిన్నవాడి ఇంట్లో. నెల మారగానే ఆమె చీరల సంచి, మందుల డబ్బా, బైబిలు కలిపి ఇల్లు మారుతాయి. గట్టు విడిచి పనికి పోలేని బీదకుటుంబాల్లో ఈ ఏర్పాటును పూర్తిగా తప్పని మేము అనము. కాని వంతు దగ్గర తగవు మొదలవుతుంది. 31వ తేదీ ఎవరిది?

లెక్క వేసి చూశాము. జనవరి, మార్చి, మే, జూలై, సెప్టెంబరు, నవంబరు పెద్దవాడివైతే అతనికి సంవత్సరానికి 184 రోజులు వస్తాయి. చిన్నవాడికి 181. తేడా మూడు రోజులు! ఈ మూడు రోజుల అన్నం కోసం కోడళ్ళు మాటలు మానుకొన్న ఇండ్లున్నాయి. ఆ మాటలన్నీ తలుపు అవతల మంచంమీద ఉన్న పెద్దావిడకు వినబడుతూనే ఉంటాయి. (పింఛను వచ్చే రోజున మాత్రం ఆమె మా ఇంట్లోనే ఉందని ఇద్దరూ అంటారు.)

మార్కు 7వ అధ్యాయంలో 'కొర్బాను' అనే మాట ఇలాంటివారికే తగిలింది. తల్లిదండ్రులకు ఉపయోగపడవలసిన దానిని దేవునికి అర్పితమని చెప్పి చేతులు దులుపుకొనే ఆచారాన్ని ప్రభువు గట్టిగా ఖండించాడు. తల్లి పొరుగింట గంజి అడిగి త్రాగుతుండగా మందిర గోడమీద పేరు చెక్కించుకోవడానికి కానుక తెచ్చేవారు నేడూ ఉన్నారు. అటువంటి కానుకను సంఘపెద్దలు తిప్పి పంపాలని మా అభిప్రాయం. 1 తిమోతి 5:4లో పౌలు తల్లిదండ్రులకు ప్రత్యుపకారం చేయడం పిల్లలు ముందుగా తమ ఇంటిలో నేర్చుకోవాలంటాడు. మందిరం ఆ తరువాతే.

ప్రభుత్వం కూడా ఈ విషయమై చట్టం చేయవలసి వచ్చింది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం క్రింద ఆదరణలేని తల్లిదండ్రులు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చు. దానికి ఆర్.డి.ఓ. స్థాయి అధికారి అధ్యక్షత వహిస్తారు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణ భత్యం ఇప్పించవచ్చు. నిజంగా పస్తులుంటున్నవారు సిగ్గుపడి ఊరకుండనక్కరలేదు. సంఘకాపరిని తోడు తీసుకొని వెళ్ళండి.

మన భాషలో ఇంకొక మాట ఉన్నది. 'చేయవలసిన పని' అన్నప్పుడు ఆ 'వలసిన'లో నిర్బంధం ఉంది. అదే మాటతో, మనకు దగ్గరివారిని 'కావలసినవాళ్ళు' అంటాము. అక్కడ నిర్బంధం లేదు, వారు మనకు కావాలి అనే ఉంది. ఒక మాటే రెండు పనులూ చేస్తున్నది. కొడుకుకు తల్లి ఎవరు? చేయవలసిన పనా, కావలసిన మనిషా?

సిలువయొద్ద ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించినప్పుడు, ఆ గడియనుండి అతడు ఆమెను తన యింట చేర్చుకొన్నాడని యోహాను 19:27లో ఉన్నది. ఆమెకు ఇతర బంధువులున్నారు కదా అని అతడు లెక్క అడిగినట్టు వ్రాయబడలేదు.

కొన్ని కుటుంబాల్లో వంతులు వేరొక విధంగా పెట్టుకొన్నారు. తల్లిని కదపరు. ఆమె తన ఇంట్లోనే, తన మంచంమీదే ఉంటుంది. కొడుకులే వంతులవారీగా రాత్రి వచ్చి ఆమె దగ్గర పడుకొంటారు, కోడళ్ళు పూటకొకరు అన్నం తెస్తారు. చీరల సంచి చిలుకకొయ్యకే ఉంటుంది. నెల మారిందో లేదో ఆమెకు తెలియదు.