విద్యుత్ కార్లు: రాయితీ తీసేస్తే లాభం నిలుస్తుందా?

(మా వాణిజ్య విలేఖరి)

భారత పత్తి సంస్థ కొనుగోళ్లు ఆపిన మరునాడు ఆదోని, వరంగల్ యార్డుల్లో పత్తి ధర ఏ దారి పడుతుందో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. సర్కారు మద్దతు ఉన్నంతసేపు కనిపించే ధర ఒకటి, అది తప్పుకున్నాక నిలిచే ధర మరొకటి. విద్యుత్ కార్ల మార్కెట్టుకు ఇప్పుడు అదే పరీక్ష ఎదురయింది. చైనా తన పాత కొనుగోలు రాయితీని 2022 డిసెంబరు 31తో ముగించింది. జర్మనీ 2023 డిసెంబరులో ఒక్క వారాంతంలో ఆపేసింది. అమెరికాలో కారుకు 7,500 డాలర్ల వరకు దక్కుతూ వచ్చిన పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో పోయింది. రాగి, నికెలు, కోబాల్టు, లిథియం బేరాలన్నీ ఈ కార్లతో ముడిపడినందున ఇది ఒక్క మోటారు డీలర్ల గొడవ కాదు.

లిథియం నేర్పిన పాఠం

చైనా మార్కెట్టులో లిథియం కార్బొనేటు ధర 2022 నవంబరులో టన్ను 6 లక్షల యువాన్ల దాకా ఎగబాకింది. రాయితీ గడువు తీరేలోగా కార్లు అమ్ముకోవాలన్న ఆత్రంలో బ్యాటరీ తయారీదారులు ఎగబడి సరుకు కొన్నారు. 2023 ఆఖరుకు ధర లక్ష యువాన్ల పరిసరాలకు, 2025 మధ్యకు 60 వేలకు జారిపోయింది. పైధరకు సరుకు నింపుకున్నవారు నిండా మునిగారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. 2023లో చైనాలో విద్యుత్ కార్ల అమ్మకాలు తగ్గలేదు, పెరిగాయి. ధర పడింది గిరాకీ చచ్చి కాదు, నిల్వలు పేరుకుని. పైధర చూసి తెరచిన కొత్త గనుల సరుకు ఒక్కసారిగా దిగింది. మిర్చికి మంచి ధర పలికిన మరుసటి ఏడు రైతులందరూ మిర్చే వేసినట్లయింది. గ్వాంగ్‌జౌ ఎక్స్ఛేంజిలో 2023 జులై 21న లిథియం వాయిదా వ్యాపారం మొదలయ్యాక గాని ఈ సరుకులో నష్టభయాన్ని కాచుకునే వీలు చైనా వర్తకులకు సరిగా చిక్కలేదు.

నికెలు సంగతి మరో తీరు. 2022 మార్చి 8న లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో టన్ను లక్ష డాలర్లు దాటి, లావాదేవీలే నిలిపివేయవలసి వచ్చింది. అప్పటికే బ్యాటరీలు నికెలు, కోబాల్టు అవసరంలేని ఇనుము-ఫాస్ఫేటు రకం వైపు మళ్లుతున్నవి. రాగికి మాత్రం ఢోకా లేదు. పెట్రోలు కారులో 20-25 కిలోల రాగి పడితే విద్యుత్ కారులో 80 కిలోల దాకా పడుతుంది.

కొనేవాని లెక్క

మన దేశంలో విద్యుత్ కారు కొత్త వింత కాదు. బెంగుళూరులో తయారైన రేవా 2001లోనే వచ్చింది. సీసపు బ్యాటరీల మీద 80 కిలోమీటర్ల లోపు నడిచే ఈ బుల్లి కారు ఇక్కడ అంతగా అమ్ముడుపోలేదు గాని, లండనులో రద్దీ సుంకం మినహాయింపు పుణ్యాన గిరాకీ సంపాదించింది. రాయితీ ఉన్న ఊళ్లోనే బండి కదులుతుందనడానికి అదే తొలి నిదర్శనం. 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్‌కు ధ్రువీకరించిన దూరం 312 కిలోమీటర్లు. రోడ్డు మీద 200 అనుకుని లెక్క వేసుకోవడం క్షేమం.

ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. విద్యుత్ కారుకు 4 లక్షల రూపాయలు అదనంగా పెట్టాలనుకుందాం. లీటరు 107 రూపాయల పెట్రోలు మీద 15 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 7 రూపాయల పైచిలుకు. యూనిట్‌కు 6 కిలోమీటర్ల వంతున, ఇంటి కరెంటు 9 రూపాయలైతే కిలోమీటరుకు రూపాయిన్నర. మిగులు ఐదున్నర రూపాయలు. 4 లక్షలు రాబట్టడానికి దాదాపు 73 వేల కిలోమీటర్లు తిరగాలి.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే గృహస్థుకు ఆరేళ్లు పడుతుంది. 5 వేలు తిరిగే టాక్సీకి 15 నెలలు చాలు. కరెంటును బయటి కేంద్రంలో యూనిట్ 20 రూపాయలకు కొంటే మిగులు 3 రూపాయల 70 పైసలకు దిగి, గృహస్థుకు తొమ్మిదేళ్లు, టాక్సీకి 22 నెలలు అవుతుంది. వడ్డీ వేరే. 4 లక్షల మీద 9 శాతం చొప్పున తొలి ఏడాది వడ్డీయే 36 వేలు. గృహస్థుకు ఏడాదికి మిగిలేది 66 వేలే. సగానికి పైగా వడ్డీకే సరి. ఇంజను నూనె, క్లచ్చి ఖర్చు తప్పడం కొంత ఊరట. ఎనిమిదేళ్ల బ్యాటరీ గ్యారంటీ తీరాక పాత బండికి ఏ ధర వస్తుందన్నది అసలు చిక్కు.

తయారీదారుల చిట్టా

అమెరికాలో టెస్లా 2020లో 72 కోట్ల డాలర్ల లాభం చూపింది. ఆ ఏడే ఇతర కంపెనీలకు కాలుష్య క్రెడిట్లు అమ్మి రాబట్టినది 158 కోట్ల డాలర్లు. అది లేకుంటే చిట్టా ఎర్ర సిరాలోనే ఉండేది. ఫోర్డు విద్యుత్ విభాగం 2023లో 470 కోట్ల డాలర్లు, 2024లో 500 కోట్లకు పైగా పోగొట్టుకుంది. జర్మనీలో 5.24 లక్షల నుంచి 2024లో 3.80 లక్షలకు పడిన అమ్మకాలు, కాలుష్య పరిమితులు బిగిసి, చవక కార్లు రావడంతో 2025లో మళ్లీ 5 లక్షలు దాటాయి. రాయితీ పోతే దెబ్బ తప్పదు, సరుకు చవకైతే కోలుకోవడమూ తప్పదు. 2010లో కిలోవాట్-అవర్‌కు వెయ్యి డాలర్లు దాటిన బ్యాటరీ ధర 2024లో 115కు దిగడమే ఇందుకు ఆధారం. టాటా కంపెనీ 2024 ఫిబ్రవరిలో నెక్సాన్ ధరను 1.20 లక్షల వరకు తగ్గించింది కూడా ఈ కారణం చెప్పే.

మన రాయితీలో మరుగున పడిన కోత

కేంద్రం 2019లో 10,000 కోట్లతో ఆరంభించి, 11,500 కోట్లకు పెంచిన రెండవ ఫేమ్ పథకం 2024 మార్చి 31తో ముగిసింది. అందులో కారు రాయితీ టాక్సీలకే గాని సొంత కార్లకు లేదు. పై లెక్క చూస్తే ఆ నిర్ణయంలో తప్పు పట్టనక్కరలేదు. దాని తర్వాత 10,900 కోట్లతో వచ్చిన పి.ఎం. ఇ-డ్రైవ్‌లో కార్లకు చోటే దక్కలేదు.

సొంత కారు కొనేవానికి అసలు ఆసరా జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 దాకా చిన్న పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం పన్ను ఉండగా, విద్యుత్ కారు మీద 5 శాతమే. ఆ రోజు నుంచి పెట్రోలు కారు పన్ను 18కి దిగింది. 10 లక్షల సరుకు మీద 2.40 లక్షలుగా ఉన్న తేడా 1.30 లక్షలయింది. విద్యుత్ కారు పన్ను పైసా పెంచకుండానే దానికున్న అనుకూలత లక్షా 10 వేలు తగ్గిపోయింది. బడ్జెట్ పద్దుల్లో కనిపించని కోత ఇది.

తెలంగాణలో రోడ్డు పన్ను మినహాయింపు 2024 నవంబరులో వచ్చింది. దాని గడువు 2026 డిసెంబరు 31. గడువుకు ముందు అమ్మకాలు ఎగబడటం, తర్వాత మందగించడం ప్రతి దేశంలోనూ జరిగింది. ఆఖరి మూడు నెలల గిరాకీ చూసి ఏడాది సరుకు నింపుకునే డీలరు, చైనాలో లిథియం నింపుకున్నవారి కథను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. సీసపు బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న అమరరాజా, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీలకు పదేళ్లలో 9,500 కోట్లు పెట్టడానికి పూనుకున్నది. అంత పెట్టుబడి నిలిచేది రాయితీ గడువుల మీద కాదు, కిలోమీటరు ఖర్చు మీద. వర్తకుడు చూసుకోవలసిందీ అదే.