చార్మినార్ నెత్తిన ఎగిరే రికార్డులు

పది నెలలు. ఒక పిట్ట నేల మీదా, కొమ్మ మీదా ఎక్కడా వాలకుండా గాల్లోనే గడిపిన కాలం అది. స్వీడన్‌లోని లండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కామన్ స్విఫ్ట్ పిట్టల వీపుకు చిన్న పరికరం కట్టి వదిలారు. అవి ఆఫ్రికా వెళ్లి తిరిగి గూటికి చేరేసరికి, వాటిలో కొన్ని 10 నెలల పాటు ఒక్కసారి కూడా వాలలేదని తేలింది. 2016లో ఈ సంగతి ప్రకటించారు.

ఆ పిట్ట దగ్గరి చుట్టాన్ని చూడటానికి స్వీడన్ దాకా వెళ్లక్కర్లేదు. సాయంత్రం పూట పాతబస్తీలో తల పైకెత్తితే చాలు. నల్లటి ఒళ్లు, నడుం మీద తెల్లమచ్చ, సన్నటి కీచు అరుపులు, గుంపులు గుంపులుగా గిరికీలు. ఇక్కడివాళ్లు అబాబీల్ అంటారు. పాత కట్టడాల్లో కమాన్ల లోపలి కప్పుకు ఈకలూ గడ్డిపోచలూ తన ఎంగిలితోనే అతికించి గూడు కడుతుంది. యూరప్ చుట్టంలా నెలల తరబడి గాల్లో ఉండదు, రాత్రికి గూటికే చేరుతుంది. పగలంతా మాత్రం రెక్కల మీదే. పురుగుల్ని పట్టడం, నీళ్లు తాగడం, గూటికి ఈకలు ఏరుకోవడం, అన్నీ ఎగురుతూనే.

బరువులో అది ఇంచుమించు పిచ్చుకంతే. రెక్కలు విప్పితే మాత్రం 33 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అంటే పిచ్చుక కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. వంపు తిరిగిన ఆ సన్నటి రెక్కలో భుజం ఎముక చాలా పొట్టిది. పొడవంతా మణికట్టు అవతలే. స్విఫ్ట్‌ల రెక్కల మీద డేవిడ్ లెంటింక్ బృందం 2007లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. రెక్కను ఎంత చాపాలో, ఎంత వెనక్కి మడవాలో సరిగ్గా కుదుర్చుకుంటే ఈ పిట్ట కిందికి దిగే వేగాన్ని సగానికి తగ్గించుకోగలదు, లేదంటే మలుపు తిరిగే వేగాన్ని మూడు రెట్లు పెంచుకోగలదు. అయితే రెక్కలకు ఇచ్చిందంతా ప్రకృతి కాళ్ల దగ్గర కోసేసింది. గరుకు గోడను పట్టుకుని వేలాడటమే తప్ప కొమ్మ మీద కూర్చోవడం దానికి చేతకాదు.

పెద్ద పిట్ట సంగతి అలా ఉంచితే, నాకు అంతకంటే అబ్బురంగా తోచేది దాని పిల్ల. పిచ్చుక పిల్ల రెండు వారాలకే గూడు దాటుతుంది. అబాబీల్ పిల్లకు ఐదు వారాలు పైనే పడుతుంది. అంత పొడవు ఈకలు ఎదగాలి, పైగా గూట్లోంచి దూకిన మొదటిసారే సరిగ్గా ఎగరాలి. తప్పి కింద పడితే ఆ కాళ్లతో మళ్లీ లేవడం కష్టం. అందుకే పిల్ల ముందే లెక్క సరిచూసుకుంటుంది. కామన్ స్విఫ్ట్ పిల్లలు మొదట తల్లిదండ్రుల్ని మించి బరువెక్కి, గూడు వదిలే ముందు తగ్గిపోతాయి. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో కొన్ని పిల్లలకు చిన్న బరువు తగిలించారు, కొన్నిటికి రెక్కల కొసలు కాస్త కత్తిరించారు. ఆ పిల్లలు అందుకు తగ్గట్టు ఒళ్లు తగ్గించుకుని, తమ రెక్కలు మోయగలిగినంత బరువుకే చేరాయి. గూడు వదిలే ముందటి ఆ రోజుల్లోనే పిల్లలు తాలింఖానాలో దండాలు తీసే కుర్రాళ్లలా, రెండు రెక్కలూ గూటికి ఆనించి ఒంటిని పైకి లేపుతుంటాయి.

రెక్కల ప్రభావం గుడ్డు దాకా పోతుందంటే నమ్ముతారా? మేరీ స్టాడర్డ్ బృందం 1,400 జాతులకు చెందిన 50 వేలకు దగ్గరగా గుడ్లను కొలిచి 2017లో సైన్స్ పత్రికలో రాసింది. బాగా ఎగరగల పక్షుల గుడ్లు కోలగానో, ఒక కొస మొనదేలో ఉంటాయట. ఎగరడానికి అనువుగా ఒళ్లు సన్నబడటమే ఇందుకు కారణం కావచ్చని వాళ్ల వాదన. గుడ్లగూబ గుడ్లు మాత్రం దాదాపు గుండ్రంగా ఉంటాయి.

మక్కా మసీదు ముందు జొన్నలు ఏరుకునే పావురాల గొప్పతనం వేరు. నేల మీంచి దాదాపు నిట్టనిలువుగా లేవగలవు. ఎగిరే కండరాలే ఒంటి బరువులో ఐదో వంతుకు మించుతాయి. లేచేటప్పుడు వినిపించే ఆ టపటప రెక్కలు ఒకదానికొకటి తగిలే చప్పుడే. పాతబస్తీ మిద్దెల మీద పావురాలు పెంచే కబూతర్‌బాజ్‌లు రెక్క విప్పి చూసి వయసు చెప్పేస్తారు. రెక్క చివర 10 పెద్ద ఈకలుంటాయి. పిల్లకు నెలన్నర, రెండు నెలలు వచ్చేసరికి మణికట్టు దగ్గరి ఈక మొదట రాలుతుంది, అక్కణ్నుంచి ఒక్కొక్కటే కొస వైపు వరసగా మారుతూ పోతాయి. ఎన్ని కొత్తవో లెక్కపెడితే వయసు తెలిసిపోతుంది. అన్నీ ఒకేసారి రాలవు కాబట్టే పావురం ఈకలు మార్చుకుంటూ కూడా ఎగరగలదు. కొత్తగా కొన్న పావురానికి మిద్దె అలవాటయ్యేదాకా ఈ పెద్ద ఈకలనే దారంతో కడతారు. ఎక్కువసేపు ఎగిరే పందెంలో టిప్లర్ జాతి పావురాలు 20 గంటలు కూడా దాటాయి.

ఇంకా పైన తిరిగేది గద్ద. రెక్కల పరపు సుమారు ఒకటిన్నర మీటర్లు. ప్రపంచంలో అన్నిటికంటే పొడవు రెక్కలున్న వాండరింగ్ ఆల్బట్రాస్‌కు అది మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది, అయితే ఆ సన్నటి పొడవు రెక్క సముద్రపు గాలికే తప్ప గల్లీలకు పనికిరాదు. గద్ద రెక్క వెడల్పాటిది, కొసన ఈకలు విడివిడిగా విచ్చుకుంటాయి, తోక చీలి ఉంటుంది. మూసీ వంతెన మీంచి సదఖాగా, అంటే దానంగా, విసిరిన మాంసం ముక్కను నేలకు చేరకముందే అందుకునేది ఆ రెక్కా తోకా ఉండబట్టే.

ఆ రెక్కకు సంక్రాంతి రోజుల్లో గండం. భుజానికీ మణికట్టుకీ మధ్య ముందు అంచున సాగే పల్చటి తోలుపొర ఉంటుంది, రెక్కకు వంపు దానివల్లే. పతంగి మాంజా ముందుగా కోసేది దాన్నే. ఎముక ఒక్కటీ విరగకపోయినా ఇక గద్ద లేవలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నైలాన్ మాంజాను దేశమంతా నిషేధించింది. పతంగి ఎగరేసే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి పిల్లలకు చెప్పాలి. నూలు దారంతోనూ పతంగి బ్రహ్మాండంగా ఎగురుతుంది.

గోల్కొండ కోట చీకటి గదుల్లో గబ్బిలాలున్నాయి. వాటి రెక్క అంటే చెయ్యే. పిండంగా ఉన్నప్పుడు మొదట్లో వాటి వేళ్లు ఎలుక పిండం వేళ్లంతే ఉంటాయి. ఆ తర్వాత బీఎంపీ2 అనే ప్రోటీన్ పాలు పెరిగి వేళ్ల ఎముకలు చకచకా సాగుతాయని 2006లో తేలింది. ఎలుకలో వేళ్ల మధ్య పొర చనిపోతుంది, గబ్బిలంలో నిలిచిపోయి రెక్కవుతుంది.

వానలు తగ్గే రోజుల్లో ఖాళీ మైదానాల మీద గుంపుగా తిరిగే పసుపుపచ్చ తూనీగల్ని చూసే ఉంటారు. శాస్త్రవేత్తలు వాటిని పాంటలా ఫ్లావెసెన్స్ అంటారు. సముద్రాలు దాటడంలో పురుగులన్నిటిలో వీటిదే పేరు. ఏటా అక్టోబరులో ఇవి మాల్దీవుల్లో గుంపులుగా దిగడం గమనించిన చార్లెస్ ఆండర్సన్, ఇండియా నుంచి హిందూ మహాసముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికాకు వెళుతున్నాయని 2009లో రాశాడు. రానూపోనూ 14 వేల నుంచి 18 వేల కిలోమీటర్ల ప్రయాణం. ఒక్క తూనీగ ఆయుష్షు అందుకు చాలదు, తరాలు మారుతూ పూర్తి చేస్తాయి. గుడ్లు పెట్టేది వానగుంటల్లో కాబట్టి, గుంట ఎండేలోగా నెలన్నరకే పిల్ల రెక్కలు తొడిగి బయటపడగలదు. ఈసారి కనిపిస్తే వెనక రెక్క మొదలు గమనించండి. ముందు రెక్క కంటే బాగా వెడల్పుగా ఉంటుంది. అంత దూరం ఊరికే ఆడించకుండా, గాలి మీద తేలుతూ పోయేది ఆ వెడల్పుతోనే.