కొత్తపెట్టలు గ్రుడ్లకు వచ్చు తఱి: రైతులు గమనింపవలసిన విషయములు

మన భూపాలపల్లి ప్రాంతమున రైతుల యిండ్లలో నాలుగైదు కోళ్లుండుట సామాన్యము. పిల్లికిని, ముంగిసకును, గ్రద్దకును చిక్కకుండ కాపాడి, అయిదాఱు నెలలు మేపి, తీరా పెట్ట గ్రుడ్లకు వచ్చు వేళ కొందఱు తొందరపాటున నష్టపోవుచున్నారు. గ్రుడ్డు చిన్నదనియో, తోలుగ్రుడ్డు పెట్టినదనియో, జాతర దినములలో మంచి ధర వచ్చినదనియో పెట్టను అమ్మివేయుదురు. ఆ పెట్ట ఫలమిచ్చు కాలము అప్పుడే యారంభమగుచున్నదని యెఱుంగవలెను.

హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన గ్రామప్రియ జాతి పెట్టలు సుమారు అయిదున్నర నెలలకు గ్రుడ్లకు వచ్చును. నాటుపెట్టలకు ఆఱేడు నెలలు పట్టును. కావున పొరుగింటి పెట్ట ముందుగా పెట్టినదని మన పెట్టను నిందింపరాదు.

గ్రుడ్లకు రానున్న పెట్టను గుర్తించుట సులభము. తలపై జుట్టును, గొంతుక్రింది తమ్మెలును పెరిగి ఎఱ్ఱబాఱును. వీపుపై చేయి వేసినచో పెట్ట రెక్కలు కొంచెము విప్పి క్రుంగి కూర్చుండును. తోకక్రింది రెండెముకల నడుమ రెండు వ్రేళ్లు పట్టునంత యెడము ఏర్పడును. గాదె క్రిందను, గడ్డివామి చాటునను, మూలలయందును చోటు వెదకుచు తిరుగును.

ఈ గుర్తులు కానవచ్చుటకు రెండు మూడు వారములు ముందే గూడు సిద్ధపఱుపవలెను. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పెట్టెలోనో, గంపలోనో ఎండుగడ్డి పఱచి, వెలుతురు తక్కువగా నుండు చోట నుంచవలెను. నాలుగైదు పెట్టలకు ఒక గూడు చాలును. అందు గ్రుడ్డువంటి తెల్లని రాయి నుంచినచో పెట్ట అచ్చటనే పెట్టుట నేర్చుకొనును. లేనిచో పొదలలో పెట్టిన గ్రుడ్లు కుక్కలపాలును, పాములపాలును అగును.

తొలి గ్రుడ్లు చిన్నవిగా నుండును. ఒకనాడు పెట్టి రెండు నాళ్లు మానుటయు కలదు. ఒక్కొక్కప్పుడు రెండు సొనల గ్రుడ్డును, సొన లేని గ్రుడ్డును, పెంకులేని తోలుగ్రుడ్డును కానవచ్చును. ఇది దోషము కాదు. గ్రుడ్డు లోపల తయారగుటకు సుమారు 25 గంటలు పట్టును. అందు 20 గంటలు పెంకు కట్టుటకే చెల్లును. ఈ యంత్రము క్రమమున కుదురుటకు కొన్ని వారములు కావలెను. తొలి గ్రుడ్లపై సన్నని నెత్తుటి చాఱ యున్నను భయపడవలదు.

అయితే మూడు నాలుగు వారములు గడచినను పెంకు గట్టిపడనిచో సున్నపు లోపమని యెంచవలెను. ఒక్క పెంకునకే సుమారు 2 గ్రాముల కాల్షియము కావలెను. సున్నపురాతి రవ్వను గాని, నలుగగొట్టిన నత్తగుల్లలను గాని వేఱు పాత్రలో నుంచినచో పెట్ట తనకు వలసినంత తినును. ఇంటి గ్రుడ్ల పెంకులను వేయించి, గుర్తుపట్టరాకుండ పొడిచేసి పెట్టవచ్చును. లేత పిల్లలకు మాత్రము ఇది పెట్టరాదు, మూత్రపిండములు చెడును.

నూకలును, జొన్నలును మాత్రమే మేపిన చాలదు. తవుడు, బూజు పట్టని వేరుసెనగ చెక్క, చెదలు మున్నగునవి తోడుగా నుండవలెను. గ్రుడ్డులో ముక్కాలు వంతు నీరే గనుక వేసవిలో చల్లని నీరు నీడలో నెల్లప్పుడు నుంచుట ముఖ్యము. పుష్యమాసమున పగలు సుమారు 11 గంటలే యుండును. ఆ దినములలో గ్రుడ్లు ఆలస్యమగుట సహజము.

ఈ క్రింది చిహ్నములను మాత్రము ఉపేక్షింపరాదు. పెట్ట తోక వాల్చి ముక్కుచు గ్రుడ్డు పెట్టలేకున్నను, లోపలి మాంసము వెలికి వచ్చినను, వెంటనే దానిని వేఱుచేసి పశువైద్యుని కడకు గొనిపోవలెను. లేనిచో తక్కిన కోళ్లు పొడిచి చంపును. గ్రుడ్లు ఒక్కసారిగా నిలిచి, ఆకుపచ్చని రెట్టయు, మెడ వంకరయు కానవచ్చినచో కొక్కెర తెగులని శంకింపవలెను. దానికి టీకాయే రక్షణ. గ్రుడ్లకు రాకమునుపే టీకాను మరల వేయించుట మేలు.

తొలి నెల గ్రుడ్లను పొదిగింపరాదు. చిన్న గ్రుడ్డునుండి చిన్న పిల్లయే పుట్టును. వానిని ఇంటి బిడ్డలకు పెట్టుట మంచిది.

ఇక లెక్క చూతము. గ్రామప్రియ పెట్ట పెరటిలో సంవత్సరమునకు 160 నుండి 180 వఱకు గ్రుడ్లు పెట్టగలదు. రెండేండ్లకొకసారి మాఘమాసపు మేడారము జాతర వచ్చినప్పుడు కోళ్ల ధర పెరుగుట నిజమే. జాతరకు పుంజులను అమ్ముడు. గ్రుడ్లకు రానున్న పెట్టలను నిలుపుకొనుడు. అమ్మిన పెట్ట ఒక్కనాటి ధర నిచ్చును; నిలిపిన పెట్ట ఏడాది పొడుగునను ఇల్లాలి చేతికి ఉప్పు పప్పుల ఖర్చు నిచ్చును. ప్రతి సభ్యుడును తన పెట్టల తొలి గ్రుడ్డు తేదిని ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, మఱుసటి యేడు ఏ పెట్ట పిల్లలను నిలుపవలెనో ఆ పుస్తకమే చెప్పును.