గనితుక్కులోని భాస్వరము

భాస్వరపు ఎరువుల వెల పెరిగినప్పుడెల్ల సంఘ సభ్యులు కొందఱు మమ్ము ఒకే ప్రశ్న అడుగుచుందురు: "గనులయొద్ద గుట్టలుగా పడియున్న రాతిపొడిలోను భాస్వరమే కలదందురు గదా! దానినే చౌకగా తెచ్చి చేనిలో చల్లరాదా యండీ?" ప్రశ్న మంచిదే. సమాధానము ఒక్కమాటలో ముగియునది కాదు.

రాతిలోని భాస్వరము ఆపటైటు అను ఖనిజమై, సున్నముతోను ఫ్లోరీనుతోను పెనగొని యుండును. అది నీటిలో ఇంచుమించు కరుగనే కరుగదు. కరుగనిదానిని పైరువేరు పీల్చుకొనజాలదు. కావున మొదట ఆపటైటును తుక్కునుండి వేరుచేయవలెను. పిమ్మట ఆ పెనగును విప్పవలెను.

స్వీడను దేశపు ఉత్తరభాగమున కిరునా, మాల్మ్‌బెర్గెట్ అనుచోట్ల గొప్ప ఇనుపగనులు కలవు. అచ్చటి ఇనుపరాతిలో ఆపటైటు కలిసియున్నది. భాస్వరము చేరిన ఉక్కు పెళుసై విరుగును గనుక పూర్వము అట్టి రాయిని ఉక్కు చేయువారు కోరకుండిరి. 1870వ దశాబ్ది చివర సిడ్నీ గిల్‌క్రిస్టు థామస్ అను లండను పోలీసుకోర్టు గుమాస్తా, రసాయనజ్ఞుడైన తన బంధువు పెర్సీ గిల్‌క్రిస్టు తోడ్పాటుతో, కొలిమిలోపల డోలమైటు ఇటుకలు పేర్చి సున్నము వేసినచో భాస్వరము ఆ సున్నమును పట్టి చిట్టెములోనికి పోవునని నిరూపించెను. పారవేయవలసిన ఆ చిట్టెమునే పొడిచేసి ఐరోపా రైతులు బహుకాలము ఎరువుగా వాడిరి. కోర్టు గుమాస్తా వలన సేద్యమునకు ఇంత మేలు కలుగుట వింతయే!

ఇప్పుడు ఆ గనులలో ఇనుమును అయస్కాంతముతో లాగివేయుదురు. ఆపటైటు తుక్కులో మిగులును. గనుల యజమానియగు ఎల్.కె.ఎ.బి. అను స్వీడను ప్రభుత్వ సంస్థ దానినుండి ఎరువును, అరుదైన లోహములను తీయుటకు పూనుకొన్నది. తుక్కును మెత్తగా నూరి నీట కలిపి, సబ్బువంటి మందు చేర్చి గాలి ఊదుదురు. ఆపటైటు రేణువులు బుడగలనంటి నురుగుతో పైకి వచ్చును. కవ్వము తిప్పగా వెన్న తేలినట్లే యనుకొనుడు. మన దేశమున ఉదయపూరు సమీపమున 1968లో కనుగొనబడిన ఝామర్‌కోట్రా గనిలోని నాసిరాతిని కూడ నురుగుపద్ధతినే శుద్ధి చేయుదురు.

పెనగును విప్పునది ఆమ్లము. గంధకామ్లముతో కలిపిన రాతిపొడి సూపరు ఫాస్ఫేటగును. భాస్వరికామ్లము తీసి నవాసారపు గాలి పట్టించినచో డి.ఎ.పి. యగును. ఆమ్లపు ఖర్చే ఎరువు వెలను పెంచుచున్నది.

ఆమ్లము లేకయే వాడరాదా యనిన, నేలయే పులుపైనచో వాడవచ్చును. తేయాకు, కాఫీ, రబ్బరు తోటల ఆమ్లనేలలలో రాతిపొడి మెల్లగా కరిగి పనిచేయును. సున్నము గల రేగడిలో అట్లు కాదు. మేమొకసారి రేగడిచేనిలో ఒక మడికి రాతిపొడిని, ప్రక్కమడికి సూపరును వేయించి జొన్న విత్తించితిమి. పొడి వేసిన మడి ఏమియు వేయని మడికంటె మెఱుగు కాలేదు. చేని యజమానుడు ఏమియు అనక నవ్వి ఊరకుండెను. ఆ నవ్వు మాకింకను జ్ఞాపకమున్నది.

రేగడి రైతునకు మిగిలిన దారి పెంటకుప్ప. 100 కిలోల చెత్తకును పేడకును 12 కిలోల మెత్తని రాతిపొడిని పొరలు పొరలుగా చల్లి, తడి ఆరనీయక, నెలకొకసారి తిరుగవేయుచు 3 నెలలు మ్రుగ్గనీయవలెను. కుళ్లునప్పుడు పుట్టు ఆమ్లములును, సూక్ష్మజీవులును రాతిని కొంతవరకు కరగించును, పూర్తిగా కాదు. మొదటి యేడు సూపరును పూర్తిగా మానరాదు. సగము తగ్గించి, ఒక మడిలో మాత్రము ఎప్పటివలె వేసి సరిపోల్చుకొనుడు.

రాతిపొడి సంచిపైనున్న అంకె మొత్తపు భాస్వరమును తెలుపునేగాని పైరునకు అందుదానిని తెలుపదు. పొడి తెప్పింపగోరు సభ్యులు ముందుగా తమ నేలపరీక్ష కాగితమును కార్యదర్శిగారికి చూపవలెను.