ఊళ్లో ఉండే సైనికుడు

చంద్రగిరి రాజమహల్ చూడడానికి వచ్చినవాళ్లు కోటగోడలు చూసి, ఇంత కోటలో ఎంత సైన్యం ఉండేదో అనుకుంటారు. ఒకప్పుడు ఇక్కడి నుంచి ఏలిన విజయనగర రాజుల సైన్యంలో పెద్ద భాగం కోటలో ఉండేదే కాదు. ఊళ్లలో ఉండేది.

రాజు నాయకుడికి కొన్ని గ్రామాలు అమరంగా ఇచ్చేవాడు. నాయకుడు ఆ రాబడి అనుభవిస్తూ, రాజుకు కప్పం కడుతూ, నిర్ణయించినంత కాల్బలాన్ని, గుర్రాలను, ఏనుగులను పోషించాలి. యుద్ధమని కబురొస్తే వాటితో హాజరు కావాలి. ఈ కాలపు మాటలో చెప్పాలంటే ఇది రిజర్వు బలగానికి దగ్గరి ఏర్పాటు. ఖజానాకు భారం తక్కువ. కానీ బంటు తినేది నాయకుడి ఉప్పు, రాజుది కాదు.

దాని ఫలితం 1614లో బయటపడింది. వేంకటపతి రాయలు పోగానే వారసత్వపు తగవు మొదలైంది. గొబ్బూరి జగ్గరాయుడనే నాయకుడు కొత్త రాజును కుటుంబంతో సహా చంపించాడు. వెలుగోటి యాచమనాయుడనే మరో నాయకుడు ఆ కుటుంబంలో మిగిలిన పిల్లవాడు రామదేవుడి పక్షాన నిలిచాడు. తంజావూరు నాయకుడు యాచముడి వైపు, మదురై, జింజి నాయకులు జగ్గరాయుడి వైపు చేరారు. కావేరి దగ్గర తోపూరులో జరిగిన యుద్ధంలో జగ్గరాయుడు హతుడయ్యాడు. రాజ్యాన్ని కాపాడడానికి పోషించిన బలగాలే రెండుగా చీలి, ఒకదాన్నొకటి నరుక్కున్నాయి. 1565 నాటి తళ్లికోట ఓటమి తర్వాత కూడా నిలబడిన రాజ్యం ఈ దెబ్బ నుంచి కోలుకోలేదు.

కనుక ఇలాంటి బలగాలను ఒకే అధికారం కిందికి తేవాలన్న ఆలోచన న్యాయమైనదే. ఈస్టిండియా కంపెనీ కూడా అదే తలపెట్టింది. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం తన చేతికి రాగానే నరగంటి, పులిచెర్ల, కల్లూరు వంటి చోట్ల సొంత బంట్లతో ఏలే చిత్తూరు పాళెగాళ్ల కావలి హక్కుల మీద చెయ్యి వేసింది. కావలి అంటే ఊళ్లను, కనుమదారులను కాపాడే పని, దానికి వచ్చే రుసుం. అది పోతే పాళెగాడికి పరువు పోతుంది, అతని బంట్లకు కూడు పోతుంది. 1804లో తిరుగుబాటు లేచింది. కంపెనీ సైన్యాన్ని పంపి అణచివేసింది.

పక్కనున్న దత్తమండలాల్లో కలెక్టర్ థామస్ మన్రో మరో దారి పట్టాడు. పాళెగాళ్లను అణచినా, కట్టుబడి అనే ఊరికావలి బంట్లకు ఇనాం భూములు ఉంచి పోలీసు పనులకు వాడుకున్నాడు. ఆ ఏర్పాటు కొన్ని దశాబ్దాలు నడిచింది. తర్వాతి అధికారులు ఆ ఇనాములను వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టాక, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీ మీద తిరుగుబాటుకు పిలుపునిస్తే కట్టుబడివాళ్లు ఆయన వెంట నడిచారు. భూమి పోతున్నవాడు అలా నడవడంలో వింతేముంది?

బలగాలను ఒకటి చేయాలన్న ఆలోచన వేరేచోటా వచ్చింది. అమెరికాలో 1964 డిసెంబరులో రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా ఆర్మీ రిజర్వు దళాలను రాష్ట్రాల నేషనల్ గార్డులో కలిపేయాలని ప్రతిపాదించాడు. రెండు వ్యవస్థలెందుకు, ఒకటి చాలన్నది ఆయన లెక్క. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. అక్కడ తిరుగుబాటు రాలేదు, చర్చ జరిగింది. తేడా అదే: ఆ బలగాల వాళ్ల తరఫున సభలో మాట్లాడేవాళ్లున్నారు. మన కట్టుబడి బంటుకు ఆ అవకాశం లేకపోయింది.

ఇప్పటి మన దేశంలోనూ ఇలాంటి ఏర్పాట్లున్నాయి. 1949లో మొదలైన టెరిటోరియల్ ఆర్మీలో చేరినవాళ్లు మామూలు రోజుల్లో తమ ఉద్యోగాలు చేసుకుంటారు, పిలుపొస్తే యూనిఫాం వేసుకుంటారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకంలో నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరికి మించి సైన్యంలో ఉంచరు. శిక్షణ పొంది బయటికొచ్చే మిగతా యువకులకు కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో కోటా ఇస్తామని కేంద్రం ప్రకటించింది. ఈ బలగాలను రేపు కలిపినా, విడదీసినా, పేరు మార్చినా, ఆ మనిషి ఎవరి ఆజ్ఞ కింద ఉంటాడో, ఊళ్లో అతని బతుకుకు భరోసా ఏమిటో చట్టంలోనే ముందుగా రాయాలి. మన పార్లమెంటు సభ్యులను ఈ రెండు ప్రశ్నలూ ఇప్పుడే అడగండి.