దండు లేని బందరు కోట

మచిలీపట్నం: ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం. బందరు వాసులకు ఈ పేర్లు కొత్తవి కావు. ఫ్రెంచి, ఇంగ్లీషు, డచ్చి వర్తకులు విడిచిపోయిన గుర్తులవి. వర్తకుల వెనుకనే పటాలాలూ దిగాయి. ఆ పటాలాలకు విడిది బందరు కోట.

చీకట్లో దాడి

1758 డిసెంబరులో చందుర్తి వద్ద విజయనగరం రాజు తోడ్పాటుతో ఫ్రెంచివారిని ఓడించిన కల్నల్ ఫోర్డ్, 1759 మార్చిలో ఈ కోటను ముట్టడించాడు. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. చుట్టూ ఉప్పు చిత్తడి. ఫ్రెంచివారికి అండగా సలాబత్ జంగ్ సేనతో వస్తున్నాడు. ఫోర్డ్ వద్ద తుపాకిమందు అడుగంటింది.

ఏప్రిల్ 7 రాత్రి మూడు వైపుల నుంచి దాడి మొదలైంది. ఎవరూ దాటలేరనుకున్న బురదలో కెప్టెన్ నాక్స్ సిపాయిలు కలకలం రేపగా, అసలు దాడి ఈశాన్య బురుజుపై జరిగింది. తెల్లవారేసరికి కోట చిక్కింది. పట్టుబడినవారు పట్టుకున్నవారికంటె ఎక్కువ మంది! మే నెలలో సలాబత్ జంగ్ బందరు, నిజాంపట్నం సీమలను ఇంగ్లీషువారికి వదులుకున్నాడు.

కవాతు నేర్చిన 'తిలంగా'లు

ఆ రాత్రి పోరాడినవారిలో దొరలకంటె సిపాయిలే అధికం. ఐరోపా పద్ధతిలో కవాతు, తుపాకి నేర్చిన ఇటువంటి సిపాయిని బెంగాలు, అవధ్ ప్రాంతాల్లో చాలాకాలం 'తిలంగా' అని పిలిచారు. దక్షిణాది నుంచి, అందులోనూ తెలుగు నేల నుంచి వెళ్లిన తొలి సిపాయిల మూలంగా నిలిచిన పేరది.

విచిత్రమేమంటే బందరు దండులో తిరగబడింది సిపాయిలు కాదు, దొరలు! కొందరిని ఓడలపై పనికి పంపాలన్న ఉత్తర్వు రాగా, 1809 జూన్‌లో మద్రాసు యూరోపియన్ రెజిమెంటు అధికారులు తమ పై అధికారి ఇన్నిస్‌నే నిర్బంధించారు. నచ్చజెప్పడానికి మద్రాసు గవర్నరు బార్లో, జాన్ మాల్కంను పంపవలసి వచ్చింది.

ఫిరంగులకు లొంగినవారిని చూసిన ఈ ఊరు, సముద్రానికి మాత్రం తలవంచింది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు 30 వేల మంది ప్రాణాలు కోల్పోయారు.

నేటి చూపు

ఇప్పుడు కోటలో దండు లేదు. మిగిలిన కట్టడాలలో ఆయుధాగారం ఒకటి. అయినా సైన్యంతో బందరు బంధం తెగలేదు. 1926లో ఇక్కడ పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ స్వీకరించింది. చీకట్లో చూడగల పరికరాలు జవాన్లకు ఇక్కడినుంచి వెళ్తున్నాయి. పామర్రు మండలం నిమ్మలూరులో సుమారు 360 కోట్ల రూపాయలతో నిర్మించిన కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. అదే సంవత్సరం మే నెలలో దివిసీమలోని నాగాయలంక వద్ద క్షిపణి పరీక్షా కేంద్రానికి పునాదిరాయి పడింది.

నాడు గుడ్డిచీకట్లో బురద తొక్కిన సిపాయిల పేర్లు ఏ పలకమీదా లేవు. వారి జ్ఞాపకానికి మిగిలింది ఈ శిథిలాలే. వాటినైనా నిలుపుకోవలసిన బాధ్యత బందరుది.