గోదారి ఒడ్డున కుక్కతో ఒక పూట

మన కరీంనగర్, ఆదిలాబాదు వాళ్ళకు సముద్రం ఎక్కడిదండీ! పిల్లలు సినిమాలో బీచి చూసి "మనమూ పోదామమ్మా" అని మారాం చేస్తే, మనకున్న సముద్రం గోదారే అని నచ్చచెప్పి బయలుదేరవలసిందే. 2016లో జిల్లాలు విడిపోయాక మంథని వైపు ఒడ్డు పెద్దపల్లి, ఆవలి ఒడ్డు మంచిర్యాల అయ్యాయి గాని, మా నోట్లో ఇంకా పాత పేర్లే ఆడుతున్నాయి.

ఒక ఏడు ఫాల్గుణంలో మేమూ అలాగే పోయాం. పులిహోర, సకినాలు, పెరుగన్నం కట్టుకున్నాను. ఇంట్లో ఒక్కదాన్నీ వదలలేక మా టామీని కూడా వెంట తీసుకుపోయాం. జీపు దిగగానే గొలుసు విప్పేశాను. పాపం, వారమంతా వాకిట్లో కట్టేసి ఉండేదే కదా, ఇవాళైనా పరుగెత్తనీ అనుకున్నాను. అది దాహంతో తిన్నగా నీళ్ళ దగ్గరికి ఉరికింది.

అక్కడ వల ఆరబెట్టుకుంటున్న పెద్దాయన ఒక్క కేక పెట్టాడు. "ఓ అమ్మా! కుక్కను పిలువుండ్రి, మడుగుల మొసలున్నది!" నేను చూశాను. నీళ్ళలో ఒక మొద్దు తేలుతున్నట్టుంది, అంతే. మావారు పరుగెత్తి టామీ మెడపట్టీ పట్టుకుని వెనక్కి లాగారు. ఆ మొద్దు మెల్లగా నీళ్ళలోకి దిగిపోయింది. నా కాళ్ళలో వణుకు చాలాసేపటి దాకా తగ్గలేదు.

దీనికి కారణమేమిటో తర్వాత తెలుసుకున్నాను. మంథనికి దగ్గర్లోనే శివ్వారం అభయారణ్యం ఉంది. ఎల్ మడుగు అని కూడా అంటారు. మగ్గర్ జాతి మొసళ్ళ కోసం 1978లో ఏర్పాటు చేశారు. మేము కూర్చున్న చోటు దాని హద్దుల్లో లేదు. అయితే మొసలికి బోర్డు చదవరాదు కదా! ఎండాకాలం వచ్చేసరికి ఏరు సన్నబడి, నీళ్ళు మడుగుల్లోనే మిగులుతాయి. మొసళ్ళూ అక్కడికే చేరతాయి. మొసలి వేటాడే పద్ధతి తరమడం కాదు, కాచుకోవడం. కళ్ళు, ముక్కు మాత్రమే పైకి పెట్టి, నీళ్ళు తాగవచ్చే జంతువు తల వంచేదాకా కదలకుండా ఉంటుంది. జింక అయినా, మేక అయినా, మన కుక్క అయినా దానికి ఒకటే. ఒడ్డున నోరు తెరుచుకుని పడుకున్న మొసలిని చూసి మింగడానికే తెరిచిందని భయపడతాం గాని, అది ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి. భయపడవలసింది కనబడే మొసలికి కాదు, కనబడని దానికి.

కుక్కకు నీళ్ళు ఇంటినుంచే క్యానులో తీసుకుపోండి, సత్తుగిన్నెలో పోసి తాగించండి. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పట్టదు, నాలుక చాపి వగర్చి చల్లబడవలసిందే. అందుకని పది గంటలు దాటాక ఇసుకలో తిప్పకూడదు. మీ అరచేయి ఇసుకలో పెట్టి ఓర్చుకోగలిగితేనే దాన్ని నడిపించండి. ఇంకొక మాట: ఎగువన గేట్లు ఎత్తితే నీరు పెరుగుతుంది, ఇసుక తిన్నెల మధ్యకు పోయి కూర్చోకండి.

ఇక రెండో సంగతి, నాకు ఎక్కువ సిగ్గనిపించినది. ఫాల్గుణ చైత్రాల్లో ఆ ఇసుక తిన్నె ఒక పురిటిల్లు అని నాకు తెలియదు. నల్లటోపీ, పసుపుపచ్చ ముక్కు, చీలిన తోక ఉన్న రివర్ టెర్న్ పక్షులు అక్కడే వట్టి ఇసుకలో గుంట చేసి గుడ్లు పెడతాయి. తీతువు పిట్ట కూడా అంతే. దాని కూత విని చెడుశకునమని మనం చెవులు మూసుకుంటాం గాని, అది పిల్లల తల్లి గోలండీ! కుక్క దగ్గరికి పోతే రెక్క విరిగినట్టు నటించి దూరంగా లాక్కుపోతుంది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా నీళ్ళలో పొట్ట తడుపుకుని వచ్చి వాటిమీద కూర్చుంటుంది. మన కుక్క గుడ్డు ముట్టకపోయినా, ఆ చుట్టుపక్కల అరగంట తిరిగితే తల్లి గూటిమీదికి రాలేదు. గుడ్డు ఎండలోనే మాడిపోతుంది.

మొసలి కూడా ఇదే రోజుల్లో ఒడ్డున గుంట తవ్వి పాతిక, ముప్ఫై గుడ్లు పెడుతుంది. రెండు నెలలకు పిల్లలు లోపలినుంచే కూతపెడితే, తల్లి ఇసుక తవ్వి, నోట కరచుకుని నీళ్ళలోకి తీసుకుపోతుంది. గుడ్లున్న చోటి వేడిని బట్టి ఆడో మగో తేలుతుందట. మన ఇళ్ళల్లో మగపిల్లాడు పుట్టలేదని కోడలిని అనేవాళ్ళు ఇది వినాలి!

కుక్కకు టీకాలు వేయించకుండా అడవి పక్కకు తీసుకుపోకండి. రేబిస్ సంగతి అందరికీ తెలుసు, డిస్టెంపర్ సంగతి తెలియదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఆ జబ్బు తగిలి వెయ్యి దాకా సింహాలు చచ్చిపోయాయి. అది చుట్టుపక్కల ఊళ్ళ కుక్కల నుంచి వచ్చిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు పోయినప్పుడు కొన్నిటిలో అదే వైరస్ కనబడింది. మనకు కవ్వాల్‌లో పులుల అడవి ఉంది, 2012 నుంచి టైగర్ రిజర్వు. అభయారణ్యం లోపలికైతే కుక్కను అసలే తీసుకుపోకూడదు. బయటి ఒడ్డున కూడా గొలుసు విప్పకూడదు. తిన్న ఎంగిలి అక్కడ పారేయకండి, దానికోసం కాకులు, ఊరకుక్కలు వచ్చి గుడ్లు కూడా తినిపోతాయి.

ఆ రోజు ఇంటికి వచ్చాక టామీ చెవుల్లో, కాలివేళ్ళ సందుల్లో చూస్తే ఏడు గోమార్లు దొరికాయి. వాటివల్ల కుక్కకు జ్వరం వస్తుంది. చిమటాతో మొదటికంటా పట్టి మెల్లగా లాగాలి, గోటితో నలపకూడదు. ఏడోదాన్ని తీసేసరికే టామీ నా ఒళ్ళో తలపెట్టి గురకపెడుతున్నది.